సింపై: కస్టమర్‌కు ఓపిక ఇచ్చింది, ఉద్యోగిని మాత్రం అంకెగా వదిలేసింది

సింపై అంటే క్యూలు, కౌంటర్ల లాంటివి కంప్యూటర్లో నడిపి చూసే (సిమ్యులేషన్) పైథాన్ లైబ్రరీ. దాన్ని ఇన్‌స్టాల్ చేయడం, అందులో ఈవెంట్లు ఎలా నడుస్తాయి లాంటివి రాయను. పైథాన్ వచ్చినవాళ్లకు అదంతా ఒక పూట పని. హెల్ప్ డెస్క్, కౌంటర్ మోడళ్లకు చాలాకాలంగా సింపైనే వాడుతున్నాను. దాని మీద నాకున్న ఇష్టమంతా ఒక్క వాక్యం దగ్గరే ఉంది: "కౌంటర్ దొరికేదాకా ఆగు, లేదా ఓపిక అయిపోయేదాకా ఆగు, ఏది ముందైతే అది." కోడ్‌లో కూడా ఇది నిజంగా ఒక్క లైనే. ఒక నిలువు గీత, దానికి అటు కౌంటర్ కోసం రిక్వెస్ట్, ఇటు ఇంతసేపే ఆగు అనే టైమ్‌అవుట్.

దీని విలువ తెలియాలంటే ఇది లేకుండా లెక్క వేసి చూడాలి. కాల్ సెంటర్లో ఎంతమంది కావాలో తేల్చడానికి ఇప్పటికీ వాడే ఎర్లాంగ్-సి సూత్రం 1917 నాటిది. అందులో లైన్లో చేరిన మనిషి ఎంతసేపైనా ఆగుతాడు, వెళ్లిపోవడం ఉండదు. వచ్చే కాల్స్ సిబ్బంది శక్తిని కాస్త దాటితే చాలు, సూత్రం చేతులెత్తేస్తుంది, క్యూకి అంతు ఉండదు. బయట అలా జరగదు. విసిగినవాళ్లు ఫోన్ పెట్టేస్తారు, వాళ్లు పోబట్టే మిగతావాళ్లకు వంతు వస్తుంది. ఓపికను లెక్కలోకి తెచ్చింది 1940ల్లో స్వీడన్ ఇంజినీర్ కాన్నీ పామ్. ఆయన మోడల్నే ఇప్పుడు ఎర్లాంగ్-ఎ అంటున్నారు. అయితే అందులో ఓపిక ఎక్స్‌పొనెన్షియల్ తీరులోనే ఉండాలి, అంటే ఇప్పటికే ఎంతసేపు ఆగినా తర్వాతి నిమిషంలో విసిగే అవకాశం ఒకేలా ఉండాలి. సింపైలో ఆ కట్టుబాటు లేదు. ముందు ఎంతమంది ఉన్నారో వినగానే కొందరు పెట్టేస్తారా? రాసుకోవచ్చు. రెండోసారి ఫోన్ చేసేవాళ్లకు ఓపిక తక్కువా? అదీ రాసుకోవచ్చు.

కానీ ఆ టైమ్‌అవుట్‌లో ఏ అంకె పెట్టాలో సింపై చెప్పదు. ముందు టీమ్ నుంచి మాకు వచ్చిన ఒక హెల్ప్ డెస్క్ మోడల్ దీనివల్లే బాగా ఏడిపించింది. నిజంగా లైన్ వదిలేస్తున్నవాళ్ల కంటే మోడల్లో వదిలేసేవాళ్లు చాలా ఎక్కువ. మొదట కోడ్ మీద అనుమానం, తర్వాత కాల్స్ వచ్చే తీరు మీద, చివరికి పాపం సింపై మీదే. తీరా చూస్తే దోషం ఓపిక అంకెలో ఉంది. ఫోన్ సిస్టమ్ రిపోర్టులో "కాల్ వదిలేసినవాళ్లు సగటున ఆగిన సమయం" అని ఒక గడి ఉంటుంది, ఆ అంకెను అలాగే తెచ్చి పెట్టారు. ఓపిక అంటే అదే కదా అనిపిస్తుంది. కాదు. ఒకావిడ నిమిషం ఆగి పెట్టేసింది, ఆవిడ ఓపిక నిమిషం, అందులో సందేహం లేదు. ఇంకొకాయనకు నిమిషానికే ఏజెంట్ దొరికాడు. ఆయన ఓపిక ఎంత? నిమిషానికి తక్కువ కాదని మాత్రమే తెలుసు. పది నిమిషాలైనా ఆగేవాడేమో. రిపోర్టు సగటులో ఈయన అసలు లేడు. అంటే తొందర మనుషులను మాత్రమే కొలిచి, అదే అందరి ఓపిక అనేశారు.

వైద్య పరిశోధనల్లోనూ ఇదే చిక్కు ఉంది. అధ్యయనం ముగిసేనాటికి బతికే ఉన్న రోగి మొత్తం ఎంతకాలం బతుకుతాడో లెక్కకు అందదు. దానికి 1958లో కాప్లాన్, మేయర్ చెప్పిన పద్ధతి ఇక్కడా పనికొస్తుంది. పైథాన్‌లో లైఫ్‌లైన్స్ అనే లైబ్రరీ ఆ పని చేసిపెడుతుంది. ఏజెంట్ దొరికినవాళ్లతో సహా కాల్ లాగ్ మొత్తం దానికిచ్చి, ఎంతసేపటికి ఎంతమంది ఇంకా ఆగుతారో చూపే గ్రాఫ్ ప్రకారం ఓపికలు పంచితే మోడల్ దారికొచ్చింది. ఒక చోట తప్ప. ఎవరికీ ఎక్కువసేపు ఆగాల్సిన అవసరమే రాకపోతే, ఓపిక చివరి హద్దు గురించి లాగ్‌లో ఏమీ ఉండదు. సిబ్బందిని తగ్గిస్తే ఏమవుతుందని పైవాళ్లు అడిగేదేమో సరిగ్గా ఆ హద్దు గురించే! అక్కడ నేను ఇప్పటికీ ఒక అంకె కాకుండా రెండు మూడు అంచనాలతో రన్ చేసి, అన్నీ ముందు పెడతాను.

ఇక ఉద్యోగుల సంగతి. సింపైలో కౌంటర్లనో సిబ్బందినో రిసోర్స్ అంటారు, రిసోర్స్ అంటే కెపాసిటీ, ముగ్గురంటే మూడు, అంతే. ఎవరు అలసిపోయారో, ఎవరు కొత్తో దానికి తెలియదు. మధ్యాహ్నం ఒకరు తగ్గుతారని చెప్పడానికి నేరుగా దారి లేదు. అందరూ చేసే పని ఏమిటంటే, అందరికంటే ముందు వంతు ఉన్న ఒక దొంగ కస్టమర్ని పంపి, భోజనం టైమంతా ఆ కౌంటర్‌ను ఆపి ఉంచడం. నవ్వొస్తుంది కానీ పనిచేస్తుంది.

ఆస్పత్రి సిబ్బంది మీద దివస్ కేసీ, క్రిస్టియన్ టెర్వీష్ 2009లో ప్రచురించిన అధ్యయనం ఒకటి ఉంది. పని ఒత్తిడి పెరిగితే మనుషులు వేగం పెంచుతారు, ఆ ఒత్తిడి అలాగే కొనసాగితే మాత్రం ఆ వేగం నిలవదు. ఇందులో మొదటి సగం సింపైలో సులువు, సర్వీస్ టైమ్‌ను క్యూ పొడవుతో ముడిపెడితే సరి. రెండో సగానికి ఎవరు ఎంతసేపటి నుంచి పనిలో ఉన్నారో తెలియాలి. అందుకని ఒక్కో ఉద్యోగిని విడి ఆబ్జెక్ట్‌గా రాసి స్టోర్‌లో (ఒక్కొక్కరినీ తీసుకుని, పని అయ్యాక తిరిగి పెట్టే సింపై గూడులో) పెట్టాలి.

నేను పైన మెచ్చుకున్న లైను అక్కడే కరుస్తుంది. ఓపిక అయిపోయి కాలర్ వెళ్లిపోయినా, అతని రిక్వెస్ట్‌ను రద్దు చేయకపోతే అది లైన్లోనే ఉంటుంది. వంతు రాగానే లేని కాలర్‌కు ఒక ఉద్యోగిని అప్పగిస్తుంది, ఆ ఉద్యోగి మళ్లీ స్టోర్‌కు రాడు. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. సాయంత్రానికి సిబ్బంది ఒక్కొక్కరే మాయమై, కాలర్లంతా విసిగి వెళ్లిపోతుంటారు. రిక్వెస్ట్‌ను పైథాన్ విత్ బ్లాక్‌లో, అంటే బయటికి రాగానే దానంతటదే రద్దయ్యేలా, రాస్తే ఈ బెడద ఉండదు. కాబట్టి "ఒక్క లైను" అన్నమాటను రెండు లైన్లుగా చదువుకోండి.

నాకు కోడ్ రాయడం అలవాటు, నా రిపోర్టులు చదివేవాళ్లకు అంకెలు చాలు. స్క్రీన్ మీద మనుషులు కదులుతూ కనిపిస్తేనే మీ మేనేజర్ నమ్ముతారంటే ఇది మీకు పనికిరాదు, యానిమేషన్ సింపైలో లేదు. మీ ప్రశ్న కస్టమర్ల గురించి కాక సిబ్బంది అలసట, నేర్పు, ఒకరినొకరు చూసి మారడం గురించైతే ఒక్కో మనిషిని విడిగా నడిపే మీసా లాంటి ఏజెంట్ లైబ్రరీతో మొదలుపెట్టడమే మేలేమో. నా పని ఎక్కువగా ఫోన్ క్యూలే కాబట్టి నేను ఇంకా మారలేదు.