మా వరండాలో బొమ్మ లేతు, నాలుగేళ్ల తర్వాత

2021 దసరా ముందు కొన్నా ఈ మినీ లేతు, అంటే ఇనుప ముక్కని తిప్పుతూ టూల్‌తో చెక్కే చిన్న మిషన్. ఆయుధపూజకి బొట్టు పెట్టి మొదలెట్టా, మధ్యలో ఒకసారి వరదలో మునిగింది కూడా, అయినా ఇంకా తిరుగుతానే ఉంది. బండి పార్టులు చేసుకోడానికి లేతు కొనాలా మిల్లింగ్ మిషన్ (ముక్కని కదలకుండా పట్టి, తిరిగే కట్టర్‌తో చెక్కేది) కొనాలా అని తెలిసినవాళ్లు అడుగుతున్నారు, అందుకని మొత్తం ఒకేసారి రాసేస్తున్నా.

నాది 180 ఇంటూ 350 ఎంఎం సైజు, అంటే పట్టే ముక్క లావు ఇంటూ పొడవు, చైనా సరుకు, పైన స్టిక్కర్ మాత్రం అమ్మినోళ్లది. బరువు 40 కేజీల పైచిలుకు, ఇంట్లో సింగిల్ ఫేజ్ మీదే నడుస్తది. ఈ 180 అన్న అంకె దగ్గరే అందరూ పడిపోతారు, నేనూ పడ్డా. అది బెడ్ (కింది పట్టాలు) మీద తిరిగే సైజు, టూల్‌ని అడ్డంగా జరిపే క్రాస్ స్లైడ్ మీదకి వచ్చేసరికి 110 దగ్గర ఆగిపోద్ది. బుల్లెట్ సిలిండర్ బ్యారెల్ పెట్టి బోరింగ్ కొట్టేద్దాం అని కలలు కన్నా, ఆ కల మొదటి వారమే పోయింది. బోరింగ్, క్రాంక్ పనికి ఇప్పటికీ విజయవాడ ఆటోనగర్ షెడ్లే.

అసలు ముందు ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్ నాలుగున్నర అడుగుల పంజాబ్ లేతే చూశా. బటాలా మాల్, గట్టి ఇనుము, దాని ముందు నాది నిజంగా బొమ్మే. కానీ అర టన్ను బరువు, త్రీ ఫేజ్ కావాలి, మాదేమో సింగ్ నగర్‌లో అద్దె ఇల్లు, ఓనరు గోడకి మేకు కొడితేనే వచ్చి చూసే రకం. నాకు పని నేర్పిన లేతు షెడ్డు బాబాయ్ నా మిషన్ చూసి "ఏరా అబ్బాయ్, ఇది ఇనుము తింటుద్దా, పప్పన్నం తింటుద్దా" అన్నాడు. ఇనుము తింటుద్ది బాబాయ్, కాకపోతే చిన్న ముద్దలు. ఎంఎస్ (మామూలు మెత్తటి ఉక్కు) మీద ఒక్కో కట్‌కి అర ఎంఎం దాటితే మూలుగుద్ది, అల్యూమినియం అయితే హాయిగా పోద్ది, కొంచెం కిరోసిన్ బ్రష్‌తో రాస్తూ ఉంటే ఫినిషింగ్ అద్దంలా వస్తది.

మొదటి ఏడాది సగం టైమ్ మిషన్‌ని బాగుచేసుకోడానికే పోయింది. డబ్బాలోంచి తీసి వాడేద్దాం అనుకునేవాళ్లు కొనొద్దు. గ్రీజులా కనిపించే ఆ ఎర్ర జిడ్డు మొత్తం కడిగి, స్లైడ్లు విప్పి, జిబ్బులు (స్లైడ్ల లూజు తీసే పట్టీలు) టైట్ చేసి, టెయిల్ స్టాక్ (ముక్క రెండో కొసని పట్టేది) సెంటర్ కలిసిందో లేదో చూసుకుని అప్పుడు మొదలెట్టాలి. అయినా కటాఫ్ కొట్టేటప్పుడు, అంటే ముక్కని తెగ్గోసేటప్పుడు, కీచుమని ఒకటే అరుపు, పక్కింటాళ్లు బయటికొచ్చి చూసేవాళ్లు. క్రాస్ స్లైడ్ పైనుండే కాంపౌండ్ స్లైడ్ తీసేసి దాని స్థానంలో గట్టి ఇనప దిమ్మ బిగించి దాని మీద టూల్ పోస్ట్ పెట్టా, అరుపు ముప్పాతిక వంతు తగ్గింది. ఈ ఒక్క మార్పుకి అయిన ఖర్చు ఆ దిమ్మ ఖరీదే. టూల్స్ సంగతికొస్తే కార్బైడ్ టిప్పులు కొని డబ్బులు తగలేశా, ఇంత చిన్న మోటారుకి సీసీఎంటీ అనే మామూలు రకం టిప్పు మొద్దుగా ఉంటది, అల్యూమినియంకి వాడే పదునైన సీసీజీటీ టిప్పు అయినా, మిరాండా కంపెనీ హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) ముక్క సొంతంగా సాన పట్టుకున్నా ఎంతో నయం.

దీని మీద చేసిన వాటిల్లో నాకు బాగా గుర్తుండేది బుల్లెట్ కనెక్టింగ్ రాడ్ స్మాల్ ఎండ్ బుష్, అంటే పిస్టన్ పిన్ను తిరిగే గొట్టం ముక్క. ఫాస్ఫర్ బ్రాంజ్ రాడ్డు కొనుక్కొచ్చా, మే నెల, మిట్టమధ్యాహ్నం, వరండాలో ఫ్యాన్ గాలి కూడా నిప్పే. ఓడీ (బయటి వ్యాసం) తిప్పి మైక్రోమీటర్ పెట్టా, కనెక్టింగ్ రాడ్ కంత కన్నా 0.04 ఎంఎం లావుగా బిగువు పెట్టుకున్నా, కరెక్ట్‌గా వచ్చింది. అన్నం తినొచ్చి మళ్లీ కొలిస్తే 0.02 తగ్గింది! మైక్రోమీటర్ పాడైందనుకుని రెండు సార్లు జీరో చూశా, మిట్యుటోయో పాడవ్వదు కదా అని నా మీద నాకే అనుమానం. జరిగిందేంటంటే టూల్ రాపిడికి ముక్క వేడెక్కి ఉంది, పాతిక ఎంఎం బ్రాంజ్ ముక్క 40 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే దాదాపు 0.02 లావుగా కనిపిస్తది, అంటే నేను పెట్టుకున్న బిగువులో సగం గాలికి పోయినట్టే. ఆ బుష్ చెత్తలోకి. రెండోది ఆఖరి కట్‌కి ముందు నీళ్ల బకెట్లో ముంచి, ఆరబెట్టి, కొలిచి చేశా. లోపలి కంత మాత్రం కావాలనే కొంచెం చిన్నగా వదిలా, ప్రెస్ చేస్తే బుష్ లోపలికి మూసుకుంటది కాబట్టి కనెక్టింగ్ రాడ్‌లోకి దింపాకే రీమర్ (కంత సైజు సరిచేసే టూల్) వేసి పిన్నుకి సరిచేసుకోవాలి. ఆ బండి మీద తర్వాత రెండుసార్లు శ్రీశైలం వెళ్లొచ్చా.

ఇంకోటి, ఫ్రెండ్ ఒకడు టూ స్ట్రోక్ హెడ్ తెచ్చి కాస్త ఫేసింగ్ కొట్టమన్నాడు, అంటే అడుగు ముఖం చదునుగా చెయ్యమన్నాడు. హెడ్‌ని చక్కులో (ముక్కని పట్టి తిప్పే దవడల్లో) ఎలా పట్టుకుంటాం, ఫిన్లు విరిగిపోవూ? అందుకని ఒక రాడ్డు మీద స్పార్క్ ప్లగ్ మర, అంటే 14 ఎంఎం లావు, 1.25 ఎంఎం పిచ్ (మరల మధ్య దూరం), కోసి హెడ్‌ని ప్లగ్ కంతతో దానికే బిగించి తిప్పా. మర కోసేటప్పుడు టూల్‌ని జరిపే లీడ్ స్క్రూ పిచ్ నా మిషన్‌లో 1.5, కాబట్టి స్పిండిల్ (చక్కుని తిప్పే ఇరుసు) వైపు 50 పళ్ల గేర్, స్క్రూకి 60 పళ్లది వేస్తే 1.25 వచ్చుద్ది. ప్లగ్ కంత నడిమధ్యలో నిటారుగా ఉన్న హెడ్లకే ఇది పనికొచ్చుద్ది, వాలుగా ఉంటే ట్రై చెయ్యకండి. గేర్లు ప్లాస్టిక్‌వి, రెండు విరిగాయి, మోటారు కాలే బదులు అవే విరగడం మంచిదే అని సర్దుకున్నా.

ఇక వరద. 2024 సెప్టెంబర్ 1 ఆదివారం బుడమేరు మా వీధిలోకొచ్చింది, మేం మేడ మీదకి ఎక్కాం, మిషన్ని ఎక్కించే టైమ్ లేదు. వారం దాటాక కిందికి దిగి చూస్తే ఒండ్రులో కూరుకుపోయి, చక్కు మీద ఎవరిదో చీర చుట్టుకుని ఉంది. స్పీడ్ కంట్రోల్ కార్డు పోయింది. అమ్మినోళ్లకి ఫోన్ చేస్తే "ఆ మోడల్ ఆపేశాం సార్" అని పెట్టేశారు, కార్డు వేరే చోట నుంచి తెప్పించుకున్నా. స్పిండిల్ 6206 బాల్ బేరింగ్లలో మట్టి, ఎలాగూ తియ్యాలి కదా అని అదే లోపలి, బయటి సైజున్న 30206 టేపర్ రోలర్ బేరింగ్లు వేయించా, వెడల్పు ఒకటింపావు ఎంఎం ఎక్కువ కాబట్టి స్పేసర్లు కొంచెం తగ్గించాల్సొచ్చింది. ఫినిషింగ్ మునుపటి కన్నా ఇప్పుడే బాగుంది. బెడ్ మీద కిరోసిన్, స్కాచ్ బ్రైట్ పెట్టి రుద్దితే తుప్పు పోయింది, మచ్చలు పోలేదు, వాటితో పనికేం అడ్డం లేదు.

మిల్లింగ్ సంగతి. లేతుకి తగిలించే మిల్లింగ్ స్లైడ్ కొన్నా, అదొక్కటే ఈ నాలుగేళ్లలో నిజంగా దండగ. కార్బ్యురేటర్ ఫ్లాంజ్ (ఇంజన్‌కి బిగించే పలక) ముఖం దాంతో చదును చేస్తే అలలు అలలుగా వచ్చింది. ఆ ఫేసు నాలుగు దవడల చక్కులో పెట్టి లేతులోనే తీసుకుంటా, అంచులు ఆకురాయితో. కీ వే (ఇరుసు మీద కోసే గాడి) లాంటివి ఆటోనగర్‌లో ఇస్తా, ఏడాదికి మూడో నాలుగో పడతాయి, వాటికోసం చిన్న మిల్లు కొనడం నాకైతే గిట్టుబాటు కాదు. కొనాల్సింది లేతే, మిషన్‌కి ఎంత పెడతారో చక్కులు, టూల్స్, కొలిచే సామాన్లకి కూడా దాదాపు అంతే పక్కన పెట్టుకోండి, నాకు అన్నీ కలిపి లక్ష దాటింది.

మళ్లీ కొంటే మాత్రం 210 సైజు తీసుకుంటా, స్పిండిల్ కంత 38 ఎంఎం ఉన్నది, నాదానికి 20 మాత్రమే. అది 100 కేజీల దాకా ఉంటది, నలుగురిని పిలిచి అయినా సరే మేడ మీదే పెట్టిస్తా.