ఎన్విరాన్‌మెంటల్ ఆంత్రోపాలజీలో పీజీ: ఫీల్డ్‌వర్క్‌కు ఫుల్ మార్కులు, సిలబస్‌కు సగం

"అన్నా, ఆంత్రోపాలజీ పీజీ ఎట్లుంటది?" అని దేవరకొండ, అచ్చంపేట దిక్కు పిల్లలు తరచూ అడుగుతున్నారు, అందుకే అందరికీ కలిపి ఒకేసారి రాస్తున్నా. ఆంత్రోపాలజీ అంటే మనుషుల బతుకు తీరు, సంస్కృతి గురించిన చదువు. నేను చదివింది రెండేళ్ల ఎంఏ, అందులో మనుషులకూ పర్యావరణానికీ ఉన్న సంబంధాన్ని చూసే ఎన్విరాన్‌మెంటల్ ఆంత్రోపాలజీ తీసుకున్నా. యూనివర్సిటీ పేరు రాయను, కింద కొన్ని తిట్లున్నాయి కాబట్టి.

కోర్సు మంచిదే. కానీ సిలబస్ రాసినవాళ్ల లెక్కలో పర్యావరణం అంటే అడవి, అక్కడుండే మనుషులంటే ఆదివాసులు, అంతే. బోరుబావి, ఎండిన చెరువు, ముంబైకి పోయే వలస బస్సు సిలబస్‌లో ఎక్కడా కనపడవు. పాలమూరు, నల్గొండ నుంచి పోయినవాళ్లు వాటిని తామే లాక్కొచ్చి క్లాసులో పెట్టాలి.

మొదటి సెమిస్టర్ అంతా థియరీ. జూలియన్ స్టీవార్డ్ అనే అమెరికన్ ఆంత్రోపాలజిస్ట్, ఆయన కల్చరల్ ఎకాలజీ, అంటే తిండి సంపాదించుకునే పద్ధతికీ మిగతా బతుకు తీరుకూ ఉన్న సంబంధం. కొంచెం ఓపిక పట్టాలి. రెండో సెమిస్టర్‌లో పొలిటికల్ ఎకాలజీ మొదలయ్యాక అసలు మజా వస్తుంది, ఎందుకంటే అక్కడ ప్రశ్న నీళ్లు ఎన్ని ఉన్నాయని కాదు, ఎవరి చేతిలో ఉన్నాయని. క్లాసులో చాలామంది సివిల్స్ ఆప్షనల్ కోసం చేరినవాళ్లే, వాళ్లతో చర్చలు పెట్టుకోవద్దు, నోట్స్ మాత్రం బాగా రాస్తారు.

ఫీల్డ్‌వర్క్‌కు మమ్మల్ని అమ్రాబాద్ తీసుకెళ్లారు. మన్ననూరు దాటాక చెంచు పెంటల్లో (అడవిలోని వాళ్ల చిన్న గూడేల్లో) ఉండటం, వాళ్లతో తిరగటం, రాత్రి కూర్చుని డైరీ రాయటం, దీనికోసమైనా ఈ కోర్సు చేయొచ్చు. కొండ అంచున తేనె తీసే మనిషి తాడు మీద వేలాడుతుంటే పైన ఆ తాడు పట్టుకునేది బావమరిది, చుట్టరికం అనే పాఠం నాకు అప్పుడు బుర్రకెక్కింది. 2006 అటవీ హక్కుల చట్టాన్ని క్లాసులో ఒక్క గంటలో ముగించారు గానీ, మా అడవి ఏ గుట్ట దాకా అని కాగితం మీద గీసి చూపించటం ఎంత తిప్పలో పెంటలోనే తెలిసింది. 2019లో అక్కడి యురేనియం తవ్వకాల గొడవ, తవ్వకాలొద్దని అసెంబ్లీ తీర్మానం అప్పుడు పేపర్లలో చదివినవాళ్లమే అందరం, అక్కడి జనం నోట వింటే వేరే కథ.

ఇక డిసర్టేషన్. నేను మర్రిగూడ మండలంలో ఫ్లోరైడ్ మీద చేస్తానంటే గైడ్ "అది పబ్లిక్ హెల్త్ వాళ్ల పని కదా" అన్నారు. నాకు కోపమొచ్చిన సందర్భం ఇదొక్కటే. మా దిక్కు గ్రానైట్ రాయిలోంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం, ఇదంతా సైన్సే, ఒప్పుకుంటా. కానీ నాగ్‌పూర్ నీరీ (పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) వాళ్లు నీళ్లలో ఫ్లోరైడ్ తీయటానికి తయారుచేసిన, ఇథియోపియా, టాంజానియా దాకా పోయిన 'నల్గొండ టెక్నిక్' ఇంట్లో నడవాలంటే పటిక, సున్నం వేసి బకెట్ రోజూ కలపాల్సింది ఎవరు? అడిగితే ఆడవాళ్లు నవ్వారు. ఒక పెద్దమ్మ అయితే నన్ను చూడగానే ఖాళీ సీసా తెచ్చి, "నీళ్లు పట్కపోనీకి వచ్చినవా బిడ్డా? పట్కపోయినోళ్లు శానామంది, మళ్లొచ్చి చెప్పినోడు లేడు" అంది. ఇప్పుడు మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు వస్తున్నాయి. మరోపక్క ఇదే ఫ్లోరైడ్ ప్రాంతానికి నీళ్లిస్తామని మొదలుపెట్టిన డిండి ఎత్తిపోతల్లో శివన్నగూడెం రిజర్వాయర్ కింద భూములు పోయినవాళ్లూ ఈ మండలంలోనే ఉన్నారు. ఇది ఆంత్రోపాలజీ కాకపోతే ఇంకేది? చివరికి గైడ్ ఒప్పుకున్నారు, వైవాలో అందరికంటే ఎక్కువ ప్రశ్నలు నన్నే అడిగారు.

తిట్లకొస్తే, ఫీల్డ్ డబ్బులు కోర్సు అయిపోవచ్చే టైంకి వచ్చాయి, అప్పటిదాకా బస్సు చార్జీలు, తిండి మన జేబులోంచే. లైబ్రరీలో పసిఫిక్ దీవుల మీద ఉన్నన్ని పుస్తకాల్లో పదో వంతు కూడా తెలంగాణ పల్లెల మీద లేవు. ప్లేస్‌మెంట్ అనే మాటే మర్చిపోండి. నెట్ పరీక్ష రాసి, రీసెర్చ్‌కు నెలనెలా డబ్బులిచ్చే జేఆర్‌ఎఫ్ కొట్టాలి, లేదంటే ఎన్జీవోలు, ప్రాజెక్టుల్లో రీసెర్చ్ అసిస్టెంట్ పనులు. 2013 భూసేకరణ చట్టంలో సామాజిక ప్రభావ అంచనా ఉంది కాబట్టి ఆ సర్వేల పని దొరుకుతుంది, కానీ అందులో నిజం రాయటానికి ధైర్యం కావాలి.

ఇంట్లో డిగ్రీ అవగానే జీతం తెమ్మంటే ఇందులో చేరొద్దు, టెన్షన్ తప్ప ఏం మిగలదు. చేరేవాళ్లు అడ్మిషన్ ఫీజు కట్టే ముందే సీనియర్లను పట్టుకుని రెండు సంగతులు కనుక్కోండి: ఫీల్డ్ డబ్బులు ముందు ఇస్తారా తర్వాత ఇస్తారా, ఏ గైడ్ మన ఊరి టాపిక్ ఒప్పుకుంటారు.