సర్కారు బడి చదువును కొలవడానికి ఏది మేలు: అందరికీ పరీక్షా, కొందరితో సర్వేనా?

2025 పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లో తెలంగాణలో 92.78 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 81.14 శాతం ఉత్తీర్ణులయ్యారు. ఈ రెండంకెలను పక్కపక్కన పెట్టి ఎక్కడి పిల్లలకు చదువు బాగా వచ్చిందో తేల్చబోతే పొరపడతాము. తెలంగాణలో ప్రతి సబ్జెక్టుకూ 20 మార్కులు బడిలోనే వేస్తారు, రాత పరీక్ష 80 మార్కులకే. ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఇంటర్నల్ మార్కులను ఎత్తివేసి కొన్నేళ్లయింది. ఒక్క ఆంధ్రప్రదేశ్‌నే చూసినా, ఇంటర్నల్ మార్కులున్న 2019లో 94.88 శాతంగా ఉన్న ఉత్తీర్ణత, అవి లేకుండా కరోనా తరువాత తొలిసారి పరీక్ష జరిగిన 2022లో 67.26 శాతానికి పడిపోయింది. ఇందులో బడులు మూతపడిన నష్టమెంత, నిబంధన మారడం వల్ల తగ్గినదెంత అన్నది ఉత్తీర్ణత శాతాన్ని బట్టి చెప్పలేము.

అంతమాత్రాన పబ్లిక్ పరీక్ష అక్కరలేదని నేను అనను. బాసర, నూజివీడు ట్రిపుల్ ఐటీల్లో సీటు పదో తరగతి మార్కుల మీదనే వస్తుంది. కోచింగ్‌కు డబ్బు లేని ఇంటి పిల్లకు అది ఎంతో పెద్ద అవకాశం. అయితే ఒక్కొక్కరి అర్హతను తేల్చే పరీక్షతోనే బడుల స్థితిని కూడా తూచాలనుకోవడం సరికాదు. పైగా మూడో తరగతిలో చదవడం రాని పిల్లవాడి సంగతి పదో తరగతిలో బయటపడితే అప్పటికే ఏడేళ్లు గడిచిపోతాయి.

రెండో దారి, కొందరిని మాత్రమే ఎంచుకొని పరీక్షించే సర్వే. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005 నుంచి నిర్వహిస్తున్న అసర్ సర్వేలో కార్యకర్తలు పల్లెల్లో ఇళ్లకే వెళ్లి, ఒక్కొక్కరి చేతా అక్షరాలు, పదాలు, చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ చదివిస్తారు. 2024లో దేశవ్యాప్తంగా ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి చదివే గ్రామీణ బాలల్లో 23.4 శాతం మంది మాత్రమే ఆ కథ చదవగలిగారు. ఈ అంకె పెరిగినందువల్ల ఏ ఉపాధ్యాయుడికీ మెప్పు రాదు, తగ్గినందువల్ల సంజాయిషీ నోటీసూ రాదు. అందుకే దీనిని పెంచి చూపవలసిన అవసరం ఎవరికీ ఉండదు. కేంద్రం 2024 డిసెంబరు 4న మూడు, ఆరు, తొమ్మిది తరగతులకు జరిపిన పరఖ్ సర్వే కూడా ఎంపిక చేసిన బడుల్లోనే సాగింది.

సర్వేకూ లోపాలున్నాయి. అసర్ పట్టణాలకు వెళ్లదు, ప్రధానంగా ప్రాథమిక నైపుణ్యాలనే చూస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఫలానా బడిలో ఫలానా పిల్ల ఎక్కడ ఆగిపోయిందో ఏ సర్వే అయినా చెప్పలేదు.

ఈ లోపాన్ని చూపి చిన్న తరగతులన్నిటికీ రాష్ట్రమంతటా ఒకే ప్రశ్నపత్రం పెట్టాలనే వారితో మాత్రం నేను ఏకీభవించను. ఆంధ్రప్రదేశ్ బడుల్లో జరిగిన ఒక పరిశోధనలో, ఉపాధ్యాయుల పర్యవేక్షణలో కాగితం మీద పెట్టిన పరీక్షలు పిల్లల స్థాయిని ఉన్నదానికన్నా ఎక్కువ చేసి చూపాయని, ట్యాబ్‌లపై పెట్టినవి స్వతంత్ర పరీక్షలకు దగ్గరగా ఉన్నాయని తేలింది. పై అధికారులకు లెక్క చెప్పుకోవలసిన వారి చేతనే కొలత వేయిస్తే జరిగేది ఇదే, దీనికి ఉపాధ్యాయులను నిందించి లాభం లేదు.

అందువల్ల రాష్ట్ర స్థితి తెలుసుకోవడానికి బయటివారు జరిపే నమూనా సర్వే మేలని నా అభిప్రాయం. పిల్లల కోసమైతే తరగతి ఉపాధ్యాయురాలు నెలకోసారి ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకొని చదివించుకోవాలి. ఆ ఫలితాన్ని ఏ పోర్టల్‌లోనూ నమోదు చేయమని ఆమెను అడగకూడదు.