మోటార్ బోటు చలికాలం సరుకు: ఏళ్ల తరబడి వాడాక ఏది నిలిచింది, ఏది మానేశాను

మా బోటు పెద్దదేం కాదు. ఫైబర్‌గ్లాస్ బాడీ, లోపల పెట్రోల్ ఇంజిన్, వెనక స్టెర్న్‌డ్రైవ్, అంటే ఆ ఇంజిన్‌తో ప్రొపెల్లర్‌ను తిప్పే బయటి గేర్ల భాగం. ఎక్కువగా మంచినీళ్ల సరస్సులోనే తిరుగుతుంది, అప్పుడప్పుడు ఉప్పునీళ్లలోకీ దిగుతుంది. చలికాలమంతా ట్రైలర్ మీద ఆరుబయట ఉంటుంది. సీజన్ అయిపోగానే యాంటీఫ్రీజ్ (చలికి గడ్డకట్టి పైపులు పగలకుండా పోసే ద్రవం), పెట్రోల్ స్టెబిలైజర్ (పెట్రోల్ పాడవకుండా కలిపే మందు), ఫాగింగ్ ఆయిల్ (ఇంజిన్ లోపల తుప్పు పట్టకుండా చిమ్మే నూనె), మరకల జెల్, వాక్స్, తేమ పీల్చే డబ్బాలు, కవరు అంటూ ఒక బండెడు సామాను కొనాలని షాపువాళ్లూ తోటి బోటువాళ్లూ చెబుతారు. అన్నీ వాడి చూశాను. ఈ సామానులో సగం, బోటులోంచి నీళ్లు పూర్తిగా తీసేశాక మాత్రమే పనికొస్తుంది. మిగతా సగంలో కొన్ని నిజంగా మంచివి, కొన్ని శుద్ధ దండగ.

గులాబీ రంగు యాంటీఫ్రీజ్‌తో మొదలుపెడతాను, అందరూ ఎక్కువగా నమ్మేది దాన్నే కాబట్టి. ఇది ప్రొపిలీన్ గ్లైకాల్. కార్లలో మామూలుగా వాడే ఇథిలీన్ గ్లైకాల్ లాంటి విషం కాదు కాబట్టి సింకు, తాగే నీళ్ల పైపుల్లో కూడా పోయొచ్చు. డబ్బా మీద మైనస్ 50 అని పెద్దగా ఉంటుంది. అది ఫారన్‌హీట్, అంటే దాదాపు మైనస్ 45 సెల్సియస్. పైగా అది పైపు పగలకుండా ఆగే హద్దే గాని, ద్రవం గడ్డకట్టని హద్దు కాదు. అంతకు చాలా ముందే అది చిక్కబడి ఐసు ముక్కలు తేలడం మొదలవుతుంది. లోపల నీళ్లు మిగిలి ఉంటే వాటితో కలిసి పలచబడి, డబ్బా మీది అంకెకు అర్థమే లేకుండా పోతుంది.

దీన్ని ఎక్కించే కిట్ కూడా కొన్నాను. డ్రైవ్ కింద నీళ్లు లాగే రంధ్రాల మీద రబ్బరు కప్పులు బిగించి, ఇంజిన్ స్టార్ట్ చేస్తే బకెట్లోంచి యాంటీఫ్రీజ్‌ను తనే లాక్కుంటుంది. వెనక ఎగ్జాస్ట్‌లోంచి గులాబీ రంగు నీళ్లు రాగానే పనైపోయిందని సంబరపడిపోతాం. కాని ఇంజిన్ వేడెక్కి థర్మోస్టాట్ (వేడిని బట్టి తెరుచుకునే కవాటం) తెరుచుకోకపోతే, ఆ ద్రవం బ్లాకులోకి, అంటే ఇంజిన్ పోత ఇనుప బాడీలోకి పోకుండా పక్కదారిన బయటికి వచ్చేస్తుంది. బ్లాకులో మాత్రం సరస్సు నీళ్లు అలాగే ఉంటాయి. నీరు గడ్డకట్టినప్పుడు దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి పోత ఇనుము ఆగదు. అందుకే నేను కిట్‌ను పక్కన పెట్టి, బ్లాకుకు, పొగ బయటికి పోయే మానిఫోల్డులకు ఉన్న డ్రెయిన్ ప్లగ్గులన్నీ విప్పుతాను. ప్లగ్గు తీసినా నీళ్లు రాకపోతే ఖాళీగా ఉందని కాదు, తుప్పు పెళ్లలు అడ్డం పడ్డాయని. సన్న తీగతో పొడిస్తే బుడబుడమని దిగుతాయి. అంతా కారాక ప్లగ్గులు బిగించి, పైగొట్టాలు విప్పి యాంటీఫ్రీజ్‌ను చేత్తో నింపుతాను. ఇలా వాడితే దీనికి పూర్తి మార్కులు. బోటు వెనక బయట తగిలించే ఔట్‌బోర్డ్ ఇంజిన్ ఉన్నవాళ్లకు ఈ బాధే లేదు. దాన్ని నిలువుగా దించి ఉంచితే నీళ్లు వాటంతటవే కారిపోతాయి.

డ్రైవ్ గేర్ ఆయిల్‌ను వసంతానికి వాయిదా వేయొద్దు. కింది స్క్రూ విప్పినప్పుడు ఆయిల్ పాలు కలిపిన కాఫీలా వస్తే షాఫ్ట్ దగ్గర నీళ్లను ఆపే సీలు పోయి లోపలికి నీళ్లు చేరాయన్నమాట. చలికి ఆ నీళ్లే గేర్‌కేస్‌ను పగలగొడతాయి. కొత్త ఆయిల్ కింది రంధ్రం నుంచి పైకి పంపుతూ నింపాలి, పై రంధ్రంలోంచి పొంగేదాకా. స్క్రూల కింద వాషర్లు ప్రతిసారీ కొత్తవి వేస్తాను. అదే ఊపులో ప్రొపెల్లర్ కూడా తీసి చూడండి. షాఫ్ట్‌కు చుట్టుకున్న చేపల గాలం దారం ఆ సీలును కోసేస్తుంది, ప్రొపెల్లర్ తీస్తే తప్ప కనపడదు.

పెట్రోల్ స్టెబిలైజర్ విషయంలో నాకు ఫిర్యాదు లేదు, అయితే తాజా పెట్రోల్లో పోస్తేనే. పాతబడి వాసన మారిన పెట్రోల్‌ను ఇది బాగుచేయదు. పోశాక ఇంజిన్‌ను ఓ పది నిమిషాలు తిప్పితేనే మందు కలిసిన పెట్రోల్ ఇంజెక్టర్ల దాకా వెళ్తుంది. డ్రైవ్‌కు బిగించే ఆ రబ్బరు కప్పుల్లోకి నీళ్లు వదిలాకే స్టార్ట్ చేయాలి, లేకపోతే నీళ్ల పంపులో తిరిగే రబ్బరు చక్రం, ఇంపెల్లర్, చూస్తుండగానే మాడిపోతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్ తేమను పీల్చుకుంటుంది, తేమ మోతాదు మించితే ఆ ఇథనాల్ నీళ్లతో కలిసి ట్యాంకు అడుగున విడిపోతుంది. ఆ స్థితిలో ఏ మందూ పనిచేయదు. ఫాగింగ్ ఆయిల్ అవసరమా కాదా అన్నది మీ ఇంజిన్ మాన్యువల్ చెప్పాలి. పాత కార్బురేటర్ ఇంజిన్లకు మంచిదే, కొత్త రకాలన్నిటికీ అందరూ చెప్పినట్టు కొట్టేయడం నాకు నచ్చదు.

ఇక శుభ్రం చేయడం. నీటిమట్టం దగ్గర తెల్లటి జెల్‌కోట్ (ఫైబర్‌గ్లాస్ మీది నున్నటి పైపూత) మీద పట్టే పసుపు, గోధుమ రంగు మరకకు ఆక్సాలిక్ యాసిడ్ ఉన్న జెల్‌ను మించింది నేను చూడలేదు. పూసి కొద్ది నిమిషాలు ఆగి కడిగితే, రుద్దకుండానే పోతుంది. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. జింకు పూత ఉన్న ట్రైలర్ మీద పడనివ్వొద్దు, ఆ పూతను తినేస్తుంది. ఇది మరకతోపాటు వాక్స్‌ను కూడా లాగేస్తుంది కాబట్టి తర్వాత మళ్లీ వాక్స్ పట్టించాల్సిందే. పాచికి మాత్రం ఏ మందూ అక్కర్లేదు, తడిగా ఉండగానే కడిగితే చాలు. బోటు పైకి తీసిన వెంటనే మెత్తటి బ్రష్షుకే ఊడిపోయేది, ఎండితే రోజంతా గీకినా వదలదు. మాది ట్రైలర్ మీద ఉండే బోటు కాబట్టి అడుగున పాచి, నత్తల్లాంటివి పట్టకుండా వేసే యాంటీఫౌలింగ్ పెయింట్ లేదు. అది ఉన్నవాళ్లు గట్టిగా రుద్దొద్దు, కడిగిన నీళ్లను సరస్సులోకి పోనివ్వొద్దు, ఆ రంగుల్లో సాధారణంగా రాగి ఉంటుంది.

సీట్ల వినైల్ మీద బూజు పోవడానికి మ్యాజిక్ స్పాంజీలు వాడమని చాలామంది అంటారు. నేను వద్దంటాను. అవి మెలమిన్ నురుగు, సన్న ఉప్పుకాగితం చేసే పనే చేస్తాయి. మొదటిసారి మెరిసిపోతుంది, పైపూత అరిగాక బూజు ఇంకా లోతుగా పట్టుకుంటుంది. సబ్బు నీళ్లు, మెత్తటి బ్రష్షు, ఆపైన బాగా ఆరనివ్వడం, అంతే. ప్లాస్టిక్ విండ్‌షీల్డ్ మీద అమోనియా ఉన్న గ్లాస్ స్ప్రే కూడా కొట్టొద్దు, మసకబారిపోతుంది.

కవరుకు పెట్టిన డబ్బే నాకు అన్నిటికన్నా గిట్టుబాటైంది. వేడిచేసి బిగించే ష్రింక్‌వ్రాప్ కూడా వాడి చూశాను. వాన ఒక్క చుక్క లోపలికి రాదు, కాని ఏటా అంత ప్లాస్టిక్ చెత్తలోకి పోతుంది, జిప్ తలుపు పెట్టించకపోతే మధ్యలో లోపలికి వెళ్లి చూసుకోలేం. పెట్రోల్ ట్యాంకు ఉన్న బోటు పక్కన గ్యాస్ మంట ఆడించడం చూస్తుంటేనే నాకు టెన్షన్. కొలత ప్రకారం కుట్టిన కాన్వాస్‌కు మారాను. కొన్నేళ్లకు కుట్ల దగ్గర నీళ్లు ఊరుతాయి, మళ్లీ వాటర్‌ప్రూఫ్ మందు కొట్టాలి, ఆ పని ఉంది. అసలు కిటుకు గుడ్డలో కన్నా లోపలి కర్రల్లో ఉంది. మధ్యలో ఎత్తుగా, ఇంటి పైకప్పులా వాలు ఉండాలి. ఎక్కడ పల్లం ఉన్నా నీళ్లు నిలిచి, బరువుకు సాగి, ఇంకా నీళ్లు నిలుస్తాయి. ముందూ వెనకా గాలి ఆడే సందులు ఉండాలి.

తేమ పీల్చే కాల్షియం క్లోరైడ్ డబ్బాలు అందుకే మానేశాను. గాలి ఆడే కవరు కింద అవి ఆరబెట్టేది బయటి గాలినే. పైగా డబ్బా నిండి ఒలికితే ఆ ఉప్పునీళ్లు తగిలిన లోహమల్లా తుప్పే. తలుపులు మూసుకునే క్యాబిన్ ఉన్న బోటులో అవి పనికొస్తాయేమో గాని, మాలాంటి పైకప్పు లేని బోటుకు దండగ.

బ్యాటరీని ఇంట్లోకి తెచ్చి, ఆటోమేటిక్ ఛార్జర్‌కు తగిలిస్తాను. పూర్తి ఛార్జి ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ గట్టి చలికీ గడ్డకట్టదు, ఖాళీ అయినదైతే సున్నాకి కొద్ది డిగ్రీల కిందే పగలొచ్చు. బోటు ముక్కు కాస్త ఎత్తి, వెనక గోడకు అడుగున ఉండే ట్రాన్సమ్ ప్లగ్గు, అంటే లోపలి నీళ్లు కారిపోయే రంధ్రం బిరడా, తీసేసి, దాన్ని ఇంజిన్ తాళంచెవికి కట్టేస్తాను. నీళ్లలోకి దింపే రోజు తాళంచెవి పట్టుకున్నప్పుడే అదీ చేతికొస్తుంది.