బారువ పొగ ఓడ దగ్గర నా మొదటి డైవ్

నాకు ఈత రాదు. ఆ మాట స్కూబా డైవింగ్ చేయించేవాళ్లకి ఫోన్లోనే చెప్పేశాను. పర్లేదు, ఆస్తమా, చెవి జబ్బు ఉంటే మాత్రం దాచొద్దన్నారు. శ్రీకాకుళం జిల్లా బారువ ఒడ్డున ఫారం నింపించేటప్పుడూ మళ్లీ అదే అడిగారు. అప్పుడే వీళ్ల మీద సగం నమ్మకం కుదిరింది.

కానీ మొదటిరోజు దిగనివ్వలేదు. డిసెంబరు వానలకి మహేంద్రతనయ నది ఎర్రమట్టంతా తెచ్చి సముద్రంలో కలిపేసింది. "చెయ్యి చాపితే వేళ్లు కనబడవు, రేపు చూద్దాం" అన్నారు. పలాసలో సెలవు పెట్టుకుని వచ్చానేమో, చాలా కోపం వచ్చింది. మర్నాడు దిగాక, వాళ్లు చేసిందే సరైన పని అనిపించింది.

ముందు ఛాతీ లోతు నీళ్లలో ప్రాక్టీసు. నోటితోనే గాలి పీల్చాలి. బొటనవేలు పైకెత్తితే 'బాగుంది' అని కాదు, 'పైకి పోదాం' అని. బాగుంటే చూపుడువేలు, బొటనవేలు కలిపి సున్నా చుట్టాలి. పడవ నడిపిన మత్స్యకారుడు మాత్రం ధైర్యం చెప్పాడు: "భయపడకు గుంటా, చేపలన్నీ ఆడే ఉంతాయి."

దిగుతున్నప్పుడు చెవులు పోటెత్తాయి. ముక్కు మూసి మెల్లగా ఊదితే టక్కున తెరుచుకున్నాయి. కాసేపు పచ్చటి నీళ్లు తప్ప ఏమీ లేదు. తర్వాత ఒక నల్లటి గోడ. బ్రిటిష్ కాలంనాటి ఎస్‌.ఎస్‌. చిల్కా అనే ఆవిరి ఓడ అది, మునిగి నూరేళ్లు దాటింది. మా అమ్మమ్మ పొగ ఓడ అనేది దాన్నే. ఇనుప రేకుకి చిల్లు పడి, అంచు అప్పడంలా పలచబడింది. ఆ చిల్లులోంచి చారల చేపపిల్ల ఒకటి వాళ్లింటి గుమ్మమన్నట్టు లోపలికీ బయటికీ తిరుగుతోంది. నా ఊపిరి బుడగలు రేకు కిందకి చేరి పాదరసంలా జారాయి. తాకబోతే ఇన్‌స్ట్రక్టర్ నా మణికట్టు పట్టుకుని ఆపేశాడు. తుప్పు కోస్తుంది, పైగా అందరూ తలా ఒక ముక్క విరిస్తే ఇక ఓడ మిగలదని పైకొచ్చాక చెప్పాడు. ఆ మాట నాకు బాగా నచ్చింది.

లోపాలూ ఉన్నాయి. మొదట ఇచ్చిన మాస్క్‌లోకి నీళ్లు కారాయి, పైకొచ్చి మార్చుకోవాల్సి వచ్చింది. ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి చోటే లేదు, అక్క చీర అడ్డం పట్టుకుంది. ఇంత డబ్బు తీసుకుంటున్నప్పుడు ఒక టెంట్ వేయలేరా?

వెళ్లేవాళ్లు ముందురోజు ఫోన్ చేసి నీళ్లు తేటపడ్డాయో లేదో కనుక్కోండి. ఒకరోజు అదనంగా పెట్టుకోండి. ఫిబ్రవరిలో మా అక్కని కూడా దింపుతున్నాను, మాస్క్ మాత్రం ఒడ్డునే నాలుగు పెట్టి చూస్తాం.