డిగ్రీ ల్యాబ్‌కి ఎన్‌ఎంఆర్: బెంచ్‌టాప్ మేలా, 400 మెగాహెర్ట్జ్ మేలా?

డిగ్రీ విద్యార్థుల పరిశోధనకి ఎన్‌ఎంఆర్ (అయస్కాంతంతో అణువు నిర్మాణాన్ని పట్టిచ్చే యంత్రం) కొందామనగానే అందరి చూపూ 400 మెగాహెర్ట్జ్ (ఈ అంకె ఎంత పెద్దదైతే అయస్కాంతం అంత బలమైనది) మీదికే పోతుంది. అందులో తప్పేం లేదు. ఇథైల్ గ్రూపులోని సీహెచ్‌2 ఇచ్చే క్వార్టెట్‌నే (నాలుగు గీతల గుంపునే) చూడండి. గీతకీ గీతకీ మధ్య దూరం ఏ అయస్కాంతంలోనైనా దాదాపు 7 హెర్ట్జే, అంటే మొత్తం వెడల్పు 21 హెర్ట్జ్. బల్ల మీద పట్టే 60 మెగాహెర్ట్జ్ బెంచ్‌టాప్ యంత్రంలో అది 0.35 పీపీఎం (స్పెక్ట్రమ్‌లో పీక్ స్థానాన్ని చెప్పే కొలత) మేర పరుచుకుంటుంది. 400లో 0.05 పీపీఎంలో సర్దుకుంటుంది. చిన్న అణువులకి 60తో పని గడిచిపోతుంది. 3, 4 పీపీఎంల మధ్య నాలుగైదు రకాల ప్రోటాన్లుంటే మాత్రం పీక్‌లన్నీ ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చుంటాయి. కార్బన్-13తో ఇంకా తలనొప్పి. ప్రకృతిలో అది ఉండేదే 1.1 శాతం. నాయిస్‌తో పోలిస్తే సిగ్నల్ రెట్టింపు కావాలంటే స్కాన్‌లు నాలుగు రెట్లు చేయాలి.

అయితే 400కి అసలు ఖర్చు కొన్నాకే మొదలవుతుంది. దాని సూపర్‌కండక్టింగ్ అయస్కాంతం 4.2 కెల్విన్ దగ్గర ద్రవ హీలియంలో మునిగి ఉండాలి. సెలవులైనా సరే, ద్రవ నైట్రోజన్ నింపే మనిషి ఉండాలి. క్వెంచ్ అయితే, అంటే అయస్కాంతం ఉన్నట్టుండి సూపర్‌కండక్టివిటీ కోల్పోతే, హీలియం ఒక్కసారిగా ఆవిరై గదిలో ఆక్సిజన్‌ని తోసేస్తుంది, కాబట్టి గాలి బయటికి పోయే ఏర్పాటు తప్పనిసరి. శాశ్వత అయస్కాంతంతో నడిచే బెంచ్‌టాప్‌కి ఈ టెన్షన్లేవీ లేవు. చాలా బెంచ్‌టాప్‌లలో డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) లేని మామూలు ద్రావకంలోనూ స్పెక్ట్రమ్ తీయొచ్చు.

సెకండ్ హ్యాండ్ 300 చవగ్గా దొరకొచ్చు. పాత ఎలక్ట్రానిక్స్‌కి విడిభాగాలు దొరక్కపోతే అది గదికి అడ్డమే.

ఇక శాంపిల్స్ బయటి ల్యాబ్‌కి పంపడం. తుది స్పెక్ట్రాకి ఇదే సరి. రోజువారీ పనికి కుదరదు. మధ్యాహ్నం రియాక్షన్ ఆపిన విద్యార్థికి సాయంత్రానికల్లా ప్రొడక్ట్ వచ్చిందో లేదో తెలియాలి. వారం ఆగితే ఆ ఊపు పోతుంది.

అందుకే నా ఓటు ల్యాబ్‌లో ఒక బెంచ్‌టాప్‌కి, పేపర్లో వేసే స్పెక్ట్రాకి బయటి 400కి. మీది ఫ్లోరిన్ కెమిస్ట్రీ అయితే ఇంకా నిశ్చింత: ఫ్లోరిన్-19 నూటికి నూరు శాతం ఉంటుంది, పీక్‌లూ దూరదూరంగా వస్తాయి. నేచురల్ ప్రొడక్ట్స్ చేసేవాళ్లయి, యంత్రాన్ని చూసుకునే ఉద్యోగి, ఏటా హీలియం బడ్జెట్ రాతపూర్వకంగా ఖాయమైతే 400కే వెళ్లండి.

డెమోలో కంపెనీవాళ్లు తెచ్చిన ఇథైల్‌బెంజీన్ చూసి మురిసిపోకండి. మీ ల్యాబ్‌లో అన్నిటికన్నా మొండి శాంపిల్ ఇచ్చి, ముడి ఎఫ్ఐడీ డేటా (స్పెక్ట్రమ్‌గా మార్చకముందు యంత్రం పట్టిన సిగ్నల్) అడిగి తెచ్చుకోండి.