బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ను చదవాలంటే: ఏ పుస్తకం, ఏ ప్రతి, ఏ వరసలో

అమెరికా రాజనీతిజ్ఞుడు, ఆవిష్కర్త ఫ్రాంక్లిన్ గురించి తెలుసుకోవాలనుకున్నవాళ్లు ముందు ఆయన ఆత్మకథ కొంటారు. కొనాల్సిందే, కానీ ప్రతి చూసి కొనాలి. చౌక ముద్రణల్లో 1818 నాటి పాఠం ఇప్పటికీ తగులుతుంటుంది. మనవడు విలియం టెంపుల్ ఫ్రాంక్లిన్ వేయించిన ఆ పాఠంలో తాతగారి నాటు మాటలు చాలాచోట్ల పెద్దమనిషి భాషగా మారిపోయాయి. రాతప్రతి సంపాదించి జాన్ బిగెలో 1868లో వేసినదీ, ఆ తర్వాత రాతప్రతిని బట్టి వచ్చినవీ నమ్మొచ్చు. షాపులోనే తేల్చుకోవచ్చు: పెన్సిల్వేనియా గవర్నర్ కీత్ స్వయంగా వచ్చి కుర్ర ఫ్రాంక్లిన్‌ను వెంటబెట్టుకెళ్లే ఘట్టం తీయండి. కుర్రాడు పనిచేసే అచ్చాఫీసు యజమాని కైమర్ ‘విషం తిన్న పందిలా’ చూశాడని ఉంటే అది అసలు పాఠం. మర్యాదగా ‘ఆశ్చర్యపోయి’ చూశాడని ఉంటే తిరిగి అరలో పెట్టేయండి. నోట్స్ కూడా కావాలంటే నార్టన్ క్రిటికల్ ఎడిషన్ మేలు.

ఈ పుస్తకంతో వచ్చే చిక్కు, అది 1757లో ఆయన లండన్ చేరే దగ్గరే దాదాపు ఆగిపోవడం. 1771లో కొంత, 1784లో కొంత, 1788లో కొంత రాసి, చివర కొద్ది పేజీలు జోడించి 1790లో పోయారు. అంటే 1776 స్వాతంత్ర్య ప్రకటన, 1778 ఫ్రాన్స్ ఒప్పందం, 1787 రాజ్యాంగ సభ ఇందులో ఉండవు. మొదటి భాగం కొడుకు విలియంను ఉద్దేశించి మొదలవుతుంది. ఆ కొడుకే తర్వాత బ్రిటన్ రాజు పక్షాన నిలబడ్డాడు. ఆ తెగతెంపుల కథా ఇందులో లేదు. పదమూడు సుగుణాల పట్టిక మాత్రం ఉంది: వారానికొక గుణం, తప్పు జరిగిన రోజు గడిలో నల్ల చుక్క, ఏడాదికి నాలుగు చుట్లు. వ్యక్తిత్వ వికాసం కోసం కొన్నవాళ్లు ఆ నాలుగు పేజీలు చదివి మూసేస్తారు, పాపం.

మిగతా సగం జీవితానికి వాల్టర్ ఐజాక్‌సన్ 2003 పుస్తకం హాయిగా సాగుతుంది. తేలిగ్గా చదివిస్తుంది, పాత్రల జాబితా, కాలపట్టిక కూడా ఉన్నాయి. ఎడ్మండ్ మోర్గన్ 2002 పుస్తకం అందులో దాదాపు సగమే, కానీ నా ఓటు దానికే. ఫ్రాంక్లిన్ ఉత్తరాలన్నీ నమిలి మింగిన మనిషి రాసింది. స్టాంప్ చట్టం (అమెరికా కాలనీల మీద బ్రిటన్ వేసిన పన్ను) ఏమిటో, పెన్ కుటుంబం (పెన్సిల్వేనియా యజమానులు) ఎవరో తెలియకుండా మొదలుపెడితే మాత్రం మధ్యలో తడబడతారు. అందుకే ఐజాక్‌సన్ తర్వాత చదవాలి. కార్ల్ వాన్ డోరెన్ 1938 గ్రంథం పెద్దది, నెమ్మదైనది. ఫ్రాంక్లిన్ మాటలే ఎక్కువగా వినిపిస్తాయి. పారిస్ రోజులకు స్టేసీ షిఫ్. బానిసత్వంతో ఆయనకున్న లావాదేవీలను ఈ జీవితచరిత్రలు తేలిగ్గా దాటేస్తాయి, ఆ లోటుకు డేవిడ్ వాల్డ్‌స్ట్రైకర్.

ఆవిష్కర్త ఫ్రాంక్లిన్ దగ్గర జీవితచరిత్రలు తేలిపోతాయి. దీనికి ఐ. బెర్నార్డ్ కోహెన్ ‘బెంజమిన్ ఫ్రాంక్లిన్స్ సైన్స్’ చదవాలి, పక్కనే మూలపత్రాలు ఉండాలి. ‘ఫౌండర్స్ ఆన్‌లైన్’ వెబ్‌సైట్‌లో ఆయన ఉత్తరాలు ఉచితంగా దొరుకుతాయి. అక్కడ 1752 అక్టోబర్ 19 తేదీతో వెతికితే, ఉరుము మబ్బుల్లోని విద్యుత్తును దారం వెంట దింపే గాలిపటం ప్రయోగం వస్తుంది: రెండు దేవదారు పుల్లలు, పెద్ద పట్టు రుమాలు, పైన అడుగుకు మించిన మొనతేలిన తీగ, దారం చివర పట్టు రిబ్బన్, ఆ రెండూ కలిసేచోట తాళంచెవి. పట్టుకున్నవాడు గుమ్మం లోపలో కిటికీ లోపలో నిలబడాలి, రిబ్బన్ తడవకూడదు. తడిస్తే విద్యుత్తు చేతిలోకి పాకుతుంది. విశేషమేమిటంటే, ప్రయోగం తానే చేశానని ఆ కాగితంలో ఆయన ఎక్కడా అనలేదు. 1752 జూన్‌లో కొడుకుతో కలిసి చేశారన్న వివరం 1767లో శాస్త్రవేత్త జోసెఫ్ ప్రీస్ట్‌లీ రాసిన విద్యుత్ చరిత్రలోది. బొమ్మల్లో చిన్న పిల్లాడిలా కనిపించే విలియం అప్పటికి ఇరవై దాటిన యువకుడు. దీన్ని బట్టే పుస్తకాన్ని పరీక్షించొచ్చు: మెరుపు నేరుగా గాలిపటం మీద పడిందని రాస్తే ఆ రచయిత మూలం చూడలేదన్నమాట. మెరుపే పడి ఉంటే ఆయన బతికేవారు కాదు. 1753లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రిచ్‌మన్ అనే శాస్త్రవేత్త ఉరుముల విద్యుత్తును కొలవబోయి పిడుగుకు బలయ్యాడు.

తేదీల్లోనూ చూసుకోవాలి. పుట్టినరోజు ఒక పుస్తకంలో 1706 జనవరి 17, మరోదాంట్లో 1705 జనవరి 6 అని ఉంటే రెండూ సరైనవే. 1752లో బ్రిటిష్ క్యాలెండర్ మారి తేదీలు పదకొండు రోజులు ముందుకు జరిగాయి, అంతకు ముందు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. నోట్స్ రాసుకునేటప్పుడు ఏ లెక్కలో ఉందో తేదీ పక్కన గుర్తు పెట్టుకోండి, లేకపోతే పాత ఉత్తరాల వరస తలకిందులవుతుంది.